‘మూత తీసిన నరకం’: నరకానికి మూత ఉంటుందా?

పెన్ హిల్స్ అక్క:
అందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర వారం రోజులుగా ఇరుక్కుపోయాను. పెద్దలు ఒక చెయ్యి వేయాలి.

నేనుండేది పిట్స్‌బర్గ్‌లో, వెంకన్న గుడి ఉన్న పెన్ హిల్స్ వైపు. ఇక్కడి తెలుగువాళ్లం ఏటా ఒక చిన్న సంచిక వేసుకుంటాం. ఈసారి ఊరి పాతకథ రాయమని నా నెత్తిన పెట్టారు. ఈ ఊరి గురించి ఎవరు రాసినా ఒక వాక్యాన్ని తలుచుకోకుండా వదలరు. జేమ్స్ పార్టన్ అనే ఆయన 1868 జనవరి అట్లాంటిక్ మంత్లీ పత్రికలో రాసింది. ఇంగ్లండులో పుట్టి న్యూయార్క్‌లో పెరిగాడు, జీవితచరిత్రలు రాసి పేరు తెచ్చుకున్నవాడు. ఊరు చూడ్డానికి వచ్చాడు. పట్టపగలే దీపాలు పెట్టుకునేంత మసక కమ్మిన ఒక రోజు, సాయంత్రం పూట ఆయన్ని ఊరి వెనక కొండ అంచుకి తీసుకెళ్లారు. ఇనుప కంచె మీదుగా కిందికి చూశాడు. కొండల మధ్య జాగా అంతా నల్లటి పొగ. పొగలో పొగగొట్టాలు కనబడవు, వాటి మంటలు మాత్రం నాలుకలు చాపుతున్నాయి. కింద లోతులోంచి వందల ఆవిరి సమ్మెటల మోత. కాసేపు మంటలే కనిపించవు. అంతలో గాలి వచ్చి ఆ పొగతెరల్ని పక్కకి నెడితే, ఆ నలుపంతా మసక మసక నిప్పుదండలతో వెలుగుతుంది. ఇదంతా చెప్పి చివర ఆ మాట అంటాడు. దృశ్యాల కోసం వేటాడటం లాభం లేని బేరమే గాని, నయాగరా అంతటి వింత చూడాలంటే మాత్రం పిట్స్‌బర్గ్‌లో ఒక పొడుగాటి కొండ ఎక్కి క్లిఫ్ స్ట్రీట్‌కి వెళ్లి కిందికి చూస్తే చాలునట. అక్కడ ఒక గీత గీసి, ‘హెల్ విత్ ది లిడ్ టేకెన్ ఆఫ్’.

‘మూత తీసిన నరకం’ అని రాసేశాను. ఫోన్లో మా అమ్మకి చదివి వినిపిస్తే, “నరకానికి మూతేమిటే?” అంది. అంతే, కలం ఆగిపోయింది.

రిటైర్డ్ మాస్టారు:
మీ అమ్మగారు అడగాల్సిన ప్రశ్నే అడిగారమ్మా. మన నరకం ఒక ఊరు. దక్షిణ దిక్కున ఉంది. వెళ్లడానికి దారి ఉంది, దారిలో వైతరణి ఉంది, యముడి పట్నానికి సంయమని అని పేరుంది, పద్దులు రాసుకునే చిత్రగుప్తుడున్నాడు. ఇంచుమించు తాలూకా కచేరీ. ఊరికి గుమ్మాలుంటాయి గాని మూతలుంటాయా? వాళ్ల హెల్ అలా కాదు, నేల కిందుండే గొయ్యి. గోతికైతే మూత వేయొచ్చు, తీయొచ్చు. కనక మాటకి మాట పెడితే మనవాడికి బొమ్మ కట్టదు. ‘నరకద్వారాలు బార్లా తెరిచినట్టు’ అనండి, హాయిగా ఉంటుంది.

ఇంకో సంగతి. వైతరణి ఒక్కటే. మీ ఊరికి నదులు మూడని చదివాను. అలగెనీ, మొనాంగహీల, అవి రెండూ కలిసి ఒహాయో. యముడి కంటే మీరే ఘనులు.

పెన్ హిల్స్ అక్క:
మాస్టారూ, నవ్వించారు. కానీ ద్వారం తెరిస్తే మనిషి ఎదురుగా చూస్తాడు. పార్టన్ పైనుంచి కిందికి తొంగి చూస్తున్నాడు. ద్వారం పెడితే ఆ కంచె పోతుంది, ఆ లోతు పోతుంది, వంగి చూడటం పోతుంది. వాక్యంలో సగం బలం ఆ వంగడంలోనే ఉంది కదండీ.

విశాఖ ఫోర్‌మన్:
మాస్టారికి నమస్కారాలు. నేను తెలుగు చదువుకున్నవాణ్ణి కాదు, స్టీలు ప్లాంటులో పనిచేసి దిగినవాణ్ణి. అయినా అడుగుతున్నాను. మనకీ గిన్నె నరకం ఒకటుంది కదండీ? కుంభీపాకం. కుంభి అంటే కుండే కదా. పాకం అంటే వండటం. కుండలో వేసి వండే నరకానికి మూత ఉండకేం?

మూత సంగతి నాకు చేతికి తెలుసు. కరిగిన ఉక్కు పోసుకెళ్లే పెద్ద బానని మేం లాడిల్ అంటాం. దాని మీద మూత లేపితే ముందు కంటికి వెలుగు తెలీదు. వేడి కొడుతుంది. ముఖం దానంతటదే పక్కకి తిరిగిపోతుంది. ఆ తర్వాతే కన్ను చూస్తుంది. ఆ దొర రాసినదాంట్లో ‘మూత’ అన్న మాట చదవగానే నాకు చెంప వేడెక్కింది. దాన్ని తీసేసి గుమ్మం పెడతానంటే ఒప్పుకోను.

సిరిసిల్ల తమ్ముడు:
అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు. ‘మూత తీసిన కుంభీపాకం’ అని రాయుండ్రి అక్కా. ఖతం.

రిటైర్డ్ మాస్టారు:
ఫోర్‌మన్ గారూ, తెలుగు చదువుకోలేదంటూనే తెలుగు మాస్టారి చెవి మెలిపెట్టారు. కుంభీపాకం నాకు తట్టనందుకు సిగ్గుపడుతున్నాను. భాగవతం పంచమ స్కంధంలో నరకాల పట్టిక ఉంది, మొత్తం 28. తెలుగులో ఆ స్కంధం గంగన రాశాడు. భాగవతమంతా పోతనదే అనుకునే పిల్లలకి ఈ ముక్క చెబుతూనే ఉద్యోగమంతా గడిపాను.

అయితే ఒక మెలిక ఉంది. ఆ 28 నరకాల్లో ప్రతిదానికీ ఒక పాపం కట్టి ఉంటుంది. పశువుల్నీ పక్షుల్నీ బతికుండగానే వండుకు తిన్నవాడికి కుంభీపాకం. యమభటులు వాణ్ణి మరిగే నూనెలో వేస్తారు. అంటే ఆ పేరు ఎత్తగానే, లోపల ఉన్నవాడు ఏదో చేసే ఉంటాడని చదివేవాడు అనుకుంటాడు. పార్టన్ వాక్యంలో పాపి ఎవరు? ఆ మంటల దగ్గర ఉన్నవాళ్లు కూలికి వచ్చినవాళ్లు. వాళ్లని కుంభీపాకంలో వేయడానికి నాకు మనసొప్పడం లేదు.

పెన్ హిల్స్ అక్క:
ఇది నేను అస్సలు ఆలోచించలేదు మాస్టారూ. ఆ వాక్యంలో మనుషులే లేరు. పొగ, మంట, చప్పుడు, అంతే.

గుంటూరు నుంచి ఒక పాస్టరుగారబ్బాయి:
ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. ‘హెల్’ అనగానే అందరూ యమలోకానికి వెళ్లిపోయారు గాని, పార్టన్ పాఠకులు వెళ్లింది అక్కడికి కాదు. వాళ్లు ఆదివారం ఆదివారం చర్చిలో విన్నది వేరు. మన తెలుగు బైబిల్లోనే ప్రకటన గ్రంథం తొమ్మిదో అధ్యాయం తీసి చూడండి. ఐదో దూత బూర ఊదుతాడు, అగాధం తెరుచుకుంటుంది. పెద్ద కొలిమిలోంచి లేచినట్టు పొగ లేస్తుంది. ఆ పొగకి సూర్యుడూ గాలీ చీకటైపోతాయి. ‘కొలిమి’ అన్న మాట నాది కాదు, అక్కడున్నదే.

ఇప్పుడు అక్క మొదట రాసింది మళ్లీ చదవండి. పొగ, పగటి చీకటి, లోతులోంచి మోత. ఆ ‘లోతు’కి పార్టన్ వాడిన మాట ‘అబిస్’. ఒకసారి కాదు, రెండుసార్లు. చివరి మాటకి అక్కణ్ణుంచే మెట్లు కట్టుకుంటూ వచ్చాడు. అది అగాధం. మూత ఉన్నది దానికి. చిన్నప్పుడు మా నాన్నగారు ఈ అధ్యాయం చదివితే నేను బల్ల కింద దూరేవాణ్ణి, అందుకే ఇంత గుర్తు.

పెన్ హిల్స్ అక్క:
తమ్ముడూ, ఇది బంగారం. ‘లోతు’ తీసేసి రెండుచోట్లా ‘అగాధం’ పెడుతున్నాను. అప్పుడు చివర నరకం అన్నా, అగాధానికున్న మూతే గుర్తొస్తుంది. మా అమ్మ ప్రశ్నకి సగం జవాబు దొరికింది.

సిరిసిల్ల తమ్ముడు:
అక్కా, నేను గూడ మా అమ్మనే అడిగిన. ఇట్లా కొండ మీదికెల్లి చూస్తే కింద అంతా పొగ, మంట ఉన్నదట అని చెప్పిన. “పొయ్యి మీద గంజు మూత తీస్తే ఆవిరి మొఖానికి కొట్టినట్టా?” అన్నది. గట్లనే అన్న. “అయితే నరకం మూత తీసినట్టున్నదని చెప్పు. గింత చర్చ ఎందుకు?” అన్నది. మీ అమ్మ అడ్డం తగిలింది, మా అమ్మ దారి ఇచ్చింది.

రిటైర్డ్ మాస్టారు:
మీ అమ్మగారు వాడిన ఆ ‘అట్టు’ని తక్కువగా చూడకండి. తెలుగు నోట ఉపమానం వచ్చే తీరు అదే. ‘కడుపులో చెయ్యిపెట్టి కెలికినట్టు’, ‘నెత్తిన పాలు పోసినట్టు’. రూపకం కావ్యానికి, ‘అట్టు’ ఇంటికి. ‘నరకం మూత తీసినట్టుంది’ అంటే ఏ ఊరివాడికైనా తెలుస్తుంది. మూత నరకానికి లేకపోయినా ‘అట్టు’ దాన్ని ఒప్పిస్తుంది.

పెన్ హిల్స్ అక్క:
ఒప్పుకుంటాను. కానీ నాకు ఇంకో బాధ ఉంది. పార్టన్ ఆ మాటకి ముందు ఒక గీత గీశాడు. చదివేవాణ్ణి కొండ ఎక్కించి, కంచె దాకా తీసుకెళ్లి, ‘కిందికి చూస్తే’ అని ఒక్క క్షణం ఆపి, అప్పుడు మూత తీస్తాడు. ఇంగ్లీషులో ఆ మాట వాక్యం చివర పడుతుంది. మన వాక్యం చివర క్రియ వచ్చి కూర్చుంటుంది. ‘మూత తీసిన నరకాన్ని చూడవచ్చు’ అని రాశాననుకోండి, ‘చూడవచ్చు’ ఆ నిప్పు మీద నీళ్లు పోసేస్తుంది. ‘మూత తీసినట్టుంది’ అన్నా అంతే. నరకం మధ్యలో పడిపోతుంది, ‘ఉంది’ చివర మిగులుతుంది.

కాకినాడ ప్రూఫ్‌రీడరు:
క్రియ ఎందుకండీ? తెలుగులో క్రియ లేని వాక్యం లక్షణంగా నిలబడుతుంది. ‘ఆయన మా మాస్టారు.’ ‘ఇది కాకినాడ.’ ఎక్కడుంది క్రియ? ‘క్లిఫ్ స్ట్రీట్ దాకా ఎక్కి కిందికి తొంగి చూస్తే చాలు. మూత తీసిన నరకం.’ రెండు వాక్యాలు చేసేయండి. గీత అక్కర్లేదు, ఫుల్‌స్టాపే ఆ గీత పని చేస్తుంది. ముప్పై ఏళ్లుగా జనం పెట్టిన గీతలు తీసేయడమే నా ఉద్యోగం. అనుభవం మీద చెబుతున్నాను.

పెన్ హిల్స్ అక్క:
మీకు కాజా పార్సిల్ పంపాలి గాని, మీరున్నదే కాకినాడ!

ఇంకొకటి గమనించాను. ఊళ్లో జనం ఈ మాటని ‘హెల్ విత్ ది లిడ్ ఆఫ్’ అని చిన్నది చేసి అంటారు. పార్టన్ రాసింది ‘టేకెన్ ఆఫ్’. మొదటిది మనకి ‘మూతలేని నరకం’ అవుతుంది, ఎప్పుడూ అలాగే పడి ఉన్నట్టు. రెండోదాంట్లో ఎవరో తీశారు. ఎవరు? పై వాక్యాల్లోనే ఉంది కదా, గాలి. పొగే మూత. గాలి వచ్చినప్పుడల్లా తీస్తుంది, మళ్లీ పొగ కమ్ముకుంటుంది. అందుకే ‘తీసిన’ అన్న ముక్క వదలను.

డాలస్ నుంచి ఒకరు:
మేం పోయిన వేసవిలో పిట్స్‌బర్గ్ వచ్చాం. మా బావగారు ఇంక్లైన్ అనే కొండెక్కే రైలెక్కించి మౌంట్ వాషింగ్టన్ మీదికి తీసుకెళ్లి, “ఇక్కణ్ణుంచే ఆ దొర నరకం అన్నాడు” అని చూపించారు. రాత్రి దీపాల్లో మూడు నదులూ మెరుస్తుంటే నరకం ఏమిటో అర్థం కాలేదు, ఫొటోలు దిగి వచ్చేశాం.

పెన్ హిల్స్ అక్క:
మీ బావగారే కాదు, ఇక్కడ చాలామంది అలాగే చూపిస్తారు. ఫొటో బాగా వస్తుంది కదా. కానీ పార్టన్ చెప్పిన క్లిఫ్ స్ట్రీట్ అటు కాదు, ఇటు. మౌంట్ వాషింగ్టన్ మొనాంగహీల నదికి దక్షిణపు గట్టు. దాన్ని అప్పట్లో కోల్ హిల్ అనేవారు, తెలుగులో చెప్పాలంటే బొగ్గుకొండ, ఊరికి కావలసిన బొగ్గు దాని కడుపులోంచే తవ్వారు. క్లిఫ్ స్ట్రీట్ ఇవతల హిల్ డిస్ట్రిక్ట్‌లో ఉంది, అలగెనీ వైపు చూస్తుంది. పైగా మీరెక్కిన ఇంక్లైన్లు పార్టన్ వచ్చిననాటికి కట్టనే లేదు. మొనాంగహీల ఇంక్లైన్ 1870, డ్యుకేన్ ఇంక్లైన్ 1877. ఆయన కాళ్లతో ఎక్కాడు, ‘పొడుగాటి కొండ’ అని ఊరికే అనలేదు.

హైదరాబాదు పాఠకుడు:
ఒక సందేహం. ఇది తిట్టు కదా? ఊరి సంచికలో ఊరిని నరకం అన్న వాక్యాన్ని పెడితే స్థానికులు బాధపడరూ?

పెన్ హిల్స్ అక్క:
తిట్టు కాదండీ, అసలు తమాషా అక్కడే ఉంది. నయాగరాతో పోల్చాడు చూడండి. పిట్స్‌బర్గ్ వచ్చినవాళ్లు ఈ దృశ్యం మానుకోకూడదు అనే చెప్పాడు. మనం అరకు వెళ్లినవాళ్లకి బొర్రా గుహలు చూడకుండా రావద్దు అన్నట్టు. ఆయన వ్యాసం మొత్తం ఈ ఊరి పనితనం చూసి ముచ్చటపడినదే. ఆయనకి ముందు వచ్చినవాళ్లు ఇంత రాయలేదు. ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ 1842లో వచ్చి, ఊరిమీద పొగ చాలా వేలాడుతోందని ఒక చురక వేసి పోయాడు. ఇంకో ఇంగ్లీషు నవలాకారుడు ట్రాలప్ 1862లో వేసిన పుస్తకంలో తాను చూసిన ఊళ్లన్నిటిలోకీ నల్లనిది ఇదే అన్నాడు. అన్నవాడే కొండ మీదినుంచి చూసి ఆ మసినే మెచ్చుకున్నాడు కూడా. ఎక్కడో ఏదో ఉంది ఆ పొగలో.

ఊరి జనం మరీనూ. మా పొగ ఒంటికి మంచిదని పార్టన్‌తో వాదించారట! బొగ్గుపొగ మలేరియాని చంపుతుంది, కంటిచూపు కాపాడుతుంది అని.

అందరికీ ఇక్కడ ఇంకో ప్రశ్న. ఈ ‘మలేరియా’ని ఏం చేయాలి?

రిటైర్డ్ మాస్టారు:
ఆహా, మంచి గొయ్యి చూపించారు. 1868లో ఆ మాటకి దోమతో చుట్టరికం లేదు. చెడ్డ గాలి అనే ఇటాలియన్ మాట అది. బురదల్లోంచి లేచే గాలి పీలిస్తే చలిజ్వరం వస్తుందని అప్పటి నమ్మకం. దోమ సంగతి తేల్చింది రోనాల్డ్ రాస్. ఎక్కడనుకున్నారు? మన సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న. పార్టన్ రాసిన 29 ఏళ్లకి. కనక మలేరియా అని ఉంచితే, పొగకి దోమలు పోతాయనే కదా, నిజమే కదా, మేమూ వేపాకు పొగ వేస్తాం కదా అనుకుంటాడు మనవాడు. పిట్స్‌బర్గ్ వాడి వాదన తెలివైనదైపోతుంది, వెటకారం చచ్చిపోతుంది. ‘విషపు గాలి’ అనండి. ‘మా పొగ విషపు గాలిని చంపుతుంది’. ఇప్పుడు నవ్వొచ్చిందా లేదా?

హైదరాబాదు పాఠకుడు:
వచ్చింది, వచ్చింది. మా వీధిలో బట్టీవాడూ ఇదే చెబుతాడు.

విశాఖ ఫోర్‌మన్:
నేను రెండు రోజులుగా ఆ కాలపు పని గురించి చదువుతున్నాను. అమ్మాయ్, నీ వ్యాసంలో ‘ఉక్కు కర్మాగారాల మంటలు’ అని రాశావు. అది మార్చాలి. 1868 నాటికి ఆ ఊరిది ప్రధానంగా ఇనుము, గాజు. కార్నెగీ వాళ్ల ఎడ్గర్ థామ్సన్ కర్మాగారంలో బెస్సెమర్ ఉక్కు, అంటే కరిగిన ఇనుములోకి గాలి ఊది చేసే ఉక్కు, దిగింది 1875లో, అదీ ఊరి పక్కనున్న బ్రాడక్‌లో. పార్టన్ చూసిన మంటల్లో చాలామట్టుకు పడ్లింగ్ కొలుములవై ఉంటాయి, అంటే ఇనుముని కలియబెట్టి శుద్ధి చేసే కొలుములు.

అది ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే దీంట్లోనే మన మాటకి ప్రాణం ఉంది. బొగ్గు ఒకచోట మండుతుంది. ఇనుము పక్క అరలో ఉంటుంది. మంట కప్పుకి తగిలి వంగి ఇనుము మీద పడుతుంది, బొగ్గు మాత్రం ఇనుముని తాకదు. పనివాడు తలుపులో ఉన్న చిన్న కంతలోంచి పొడుగాటి ఇనుపకడ్డీ దూర్చి కరిగిన ఇనుముని కలియబెడుతూనే ఉండాలి. దాంట్లో కర్బనం కాలిపోతున్నకొద్దీ ఇనుము కరగడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. ఆ వేడి అక్కడ లేదు. అందుకని కళ్ల ముందే చిక్కబడి ముద్ద కడుతుంది. ఎప్పుడు ముద్ద కట్టిందో చెప్పడానికి మీటర్లు లేవు, వాడి కన్నూ, కడ్డీ బరువూ చెప్పాలి. వాళ్ల భాషలో ఇనుము ‘కమ్ టు నేచర్’ అయింది అంటారు. దాన్ని ఉండలుగా చుట్టి బయటికి తీస్తారు.

ఇది చదివేసరికి మా ఆవిడ పక్కనుంచి “ఉండపాకం” అంది. అరిసెలకి బెల్లం పాకం పట్టేటప్పుడు నీళ్లలో వేసి చూస్తాం కదా, ఉండ కట్టిందా లేదా అని. ఖచ్చితంగా అదే పని. వేడి మాత్రం వేరు.

కాకినాడ ప్రూఫ్‌రీడరు:
అమ్మగారికి దండం. ‘కమ్ టు నేచర్’కి ‘పాకానికి వచ్చింది’ని మించిన తెలుగు లేదు. తర్జుమా అని ఎవరూ పట్టుకోలేరు.

రిటైర్డ్ మాస్టారు:
కుంభీపాకం అటు నుంచి తిరిగొచ్చింది! అయితే ఇప్పుడు అక్కడున్నది పాపి కాదు, పాకం పట్టే మనిషి. కడ్డీ పట్టుకుని కలియబెడుతున్నాడు కాబట్టి చూడ్డానికి యమభటుడు. ఉడుకుతున్నది మాత్రం వాడే.

విశాఖ ఫోర్‌మన్:
వాళ్లు తమని తాము ఏమనుకున్నారో కూడా దొరికింది మాస్టారూ. ఈ పనివాళ్లు 1858లో పిట్స్‌బర్గ్‌లోనే సంఘం పెట్టుకున్నారు. పేరు ‘సన్స్ ఆఫ్ వల్కన్’. 1865లో యజమానుల చేత ఒప్పందం మీద సంతకం పెట్టించారు. ఇనుము ధర పెరిగితే కూలీ పెరగాలి, తగ్గితే తగ్గాలి అని. పార్టన్ ఆ కంచె దగ్గర నిలబడేసరికే కింద ఇదంతా జరిగిపోయింది.

రిటైర్డ్ మాస్టారు:
వల్కన్ రోమనుల దేవశిల్పి, కమ్మరి దేవుడు. మన లెక్కలో విశ్వకర్మ. అంటే వాళ్లు ‘విశ్వకర్మ బిడ్డలం’ అనుకున్నారు. మన కమ్మరులూ ఆ మాటే అంటారు, తరతరాలుగా. పైనుంచి చూసినవాడికి యమలోకం, కింద పనిచేసేవాడికి విశ్వకర్మ కొలిమి. అమ్మా, ఇది నీ వ్యాసంలో ఎలాగైనా ఇరికించాలి.

కాగజ్‌నగర్ నుంచి:
కొంచెం పక్కదారి. ‘మూత’ మాట మీద ఇంతసేపు మాట్లాడుతున్నారు గాని, మా ఊళ్లో ఆ మాట వింటే గుండె గతుక్కుమంటుంది. ‘మిల్లు మూతపడింది.’ 2014లో మా పేపరు మిల్లు ఆగినప్పుడు పేపర్లలో రోజూ అదే మాట. నాలుగేళ్లకి మళ్లీ తెరిచారు. ఇంగ్లీషువాడికి లిడ్ వేరు, షట్‌డౌన్ వేరు. మనకి రెండింటికీ మూతే. మీ పిట్స్‌బర్గ్ మిల్లులు ఏమయ్యాయి అక్కా?

పెన్ హిల్స్ అక్క:
1980ల్లో వరసగా మూతపడ్డాయి అన్నా. ఎడ్గర్ థామ్సన్ మాత్రం ఆగలేదు. పొగ అంతకుముందే తగ్గింది. మధ్యలో ఒకసారి, 1880ల్లో, దగ్గర్లో సహజవాయువు దొరికి కొన్నాళ్లు ఆకాశం కనబడింది. అది తగ్గిపోగానే మళ్లీ బొగ్గు, మళ్లీ పొగ. 1941లో పొగ మీద చట్టం చేశారు, యుద్ధం వల్ల అమలు 1946 దాకా ఆగింది.

‘మూతపడటం’ తట్టనే లేదు నాకు. మా వీధి చివర ముసలాయన మిల్లు మనిషే. ఆయన పొగ ఉన్న రోజుల్ని తిట్టడం నేనెప్పుడూ వినలేదు. పొగ ఆగిన రోజుల్నే తిడతాడు.

మూతకి ఇంకో ఉపయోగం కూడా ఉంది చూడండి. 1903లో లింకన్ స్టెఫెన్స్ అనే విలేఖరి మెక్‌క్లూర్స్ పత్రికలో ఈ ఊరి రాజకీయాల కుళ్లు రాశాడు. చూడ్డానికి ఇది మూత తీసిన నరకం అంటారు, రాజకీయంగా మాత్రం మూత పెట్టి ఉన్న నరకం అన్నాడు. ఆ మూత తాను తీయబోవడం లేదనీ అన్నాడు. ఇంతకీ ఎందుకు చెబుతున్నానంటే, మాస్టారూ, మీ ‘ద్వారాలు’ పెట్టి ఉంటే ఈ రెండో మాట తెలుగులో చెప్పలేం. ‘నరకద్వారాలు మూసి ఉన్నాయి’ అంటే శుభవార్త అయిపోతుంది.

రిటైర్డ్ మాస్టారు:
ఓడిపోయాను. సంతోషంగా.

సిరిసిల్ల తమ్ముడు:
ఫైనల్ పెట్టు అక్కా, మా అమ్మకు చదివి వినిపిస్త.

పెన్ హిల్స్ అక్క:
నిన్న ఆదివారం క్లిఫ్ స్ట్రీట్‌కి వెళ్లొచ్చాను. కారు కింద పెట్టి నడిచే ఎక్కాను, ఆయన చెప్పినట్టు. ఆయాసం నిజమే. చిన్న వీధి. ఇళ్లు, ఖాళీ జాగాలు, అంచున చెట్లు. ఆకుల సందుల్లోంచి కింద రోడ్డు మీద కార్ల మోత పైకి వస్తోంది. దాని అవతల స్ట్రిప్ డిస్ట్రిక్ట్ కప్పులు, ఆ వెనక నది. ఒక పెద్దావిడ వరండాలో కూర్చుని ఉంది. నేను అటూ ఇటూ తొంగి చూస్తుంటే ఏం పోగొట్టుకున్నావమ్మా అని అడిగింది. నరకం కోసం వెతుకుతున్నానని ఎలా చెప్పను, వ్యూ కోసం అన్నాను.

ఇదీ ఫైనల్:

“ఆ చీకటి రోజు సాయంత్రం మమ్మల్ని అగాధపు అంచుకి తీసుకెళ్లారు. ఇనుప కంచె మీదుగా కిందికి చూశాం. కొండల మధ్య చోటంతా కటిక నల్లటి పొగ. కనబడని పొగగొట్టాలు అందులోంచి మంట నాలుకలు చాపుతున్నాయి. అగాధం అడుగునుంచి వందల ఆవిరి సమ్మెటల మోత. ఒక్కోసారి మంటలేవీ కనిపించవు. అంతలో గాలి పొగతెరల్ని నెట్టేస్తే ఆ నలుపంతా నిప్పుదండలతో మసగ్గా వెలుగుతుంది. దృశ్యాల వేట లాభం లేని బేరం. అయినా నయాగరా అంతటి వింత చూడాలనుకునేవాళ్లు పిట్స్‌బర్గ్‌లో ఒక పొడుగాటి కొండ ఎక్కి, క్లిఫ్ స్ట్రీట్ నుంచి కిందికి తొంగి చూస్తే చాలు. మూత తీసిన నరకం.”

కాకినాడ ప్రూఫ్‌రీడరు:
‘మోత’, ‘మూత’ రెండూ ఒకే పేరాలో పడ్డాయి. కావాలని చేశారా?

పెన్ హిల్స్ అక్క:
లేదండీ, అవే పడ్డాయి. తీసేయమంటారా?

కాకినాడ ప్రూఫ్‌రీడరు:
ముట్టుకుంటే ఊరుకోను.

సిరిసిల్ల తమ్ముడు:
చదివిన. మా అమ్మ అంతా విని ఒకటే అడిగింది. “ఆ కంచె కాడ నిలబడ్డాయనకు సెగ తగల్లేదా?”

విశాఖ ఫోర్‌మన్:
అంత ఎత్తుకి సెగ రాదని చెప్పు నాన్నా. చప్పుడే వస్తుంది.